తీసేశారా, తీయించుకున్నారా: ఆరోగ్య ఇంటర్వ్యూల విశ్లేషణలో ఏఐకి ఎక్కడ చోటివ్వాలి

"గర్భసంచి తీసేశారు." "గర్భసంచి తీయించుకున్నాను." "గర్భసంచి తీయించేశారు." మూడు మాటల్లోనూ జరిగిన ఆపరేషన్ ఒకటే. మొదటి మాటలో పని డాక్టర్లది, చెబుతున్న మనిషి ప్రమేయం కనబడదు. రెండో మాటలో ఆమె పూనుకుని చేయించుకుంది. మూడో మాటలో భర్తో, అత్తగారో, పుట్టింటివాళ్లో ఎవరో దగ్గరుండి చేయించారు. నిర్ణయం ఎవరిదన్న సంగతంతా క్రియకు తగులుకున్న రెండు మూడు అక్షరాల్లో ఉంది. తెలంగాణ పల్లెలో అయితే ఇదే తేడా "తీసిన్రు", "తీపిచ్చుకున్న", "తీపిచ్చిన్రు" అన్న రూపాల్లో వినిపిస్తుంది. ఈ మాటలను ఏఐకి ఇచ్చి ఇంగ్లిష్ చేయమంటే మూడూ తరచు ఒకే వాక్యంగా మారిపోతాయి. ఆ ఇంగ్లిష్ మీద ఎంత గొప్ప విశ్లేషణ చేసినా, పోయిన ఆ రెండక్షరాలు తిరిగి రావు.

2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలో అన్నిటికంటే పైన ఉన్న రాష్ట్రాలు ఇవే. దేశవ్యాప్తంగా చూస్తే ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. సర్వే ఇంతవరకు చెప్పగలదు. క్యాన్సర్ భయం ఎవరు పెట్టారు, నెలసరి ఇబ్బందికి మొదట ఎవరి దగ్గర చూపించుకున్నారు, కూలికి పోలేని రోజుల లెక్క ఇంట్లో ఎవరు వేశారు అన్నవి తెలియాలంటే కూర్చుని మాట్లాడాలి. గుణాత్మక పరిశోధన అంటే ఆ మాటలు సేకరించి, వాటిని ఒక పద్ధతి ప్రకారం విప్పి చూడడం. ఏఐ ఇప్పుడు చేతిలోకి వచ్చింది ఈ విప్పే పనిలోనే.

ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి పనిభారం చూస్తే చాలు. గంట రికార్డింగును పొల్లుపోకుండా టైపు చేయడానికి అలవాటున్న చేతికి కూడా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. 30 ఇంటర్వ్యూలంటే 120 నుంచి 180 గంటలు. ఆ తర్వాత కోడింగ్. అంటే టైపు చేసిన పాఠంలోని (ట్రాన్‌స్క్రిప్టులోని) ప్రతి ముక్కకూ అది దేని గురించో తెలిపే చీటీ అంటించడం: "క్యాన్సర్ భయం", "ఆర్‌ఎంపీ సలహా", "ఖర్చు", "పిల్లలు చాలు". చీటీలను గుంపులు చేస్తే థీమ్‌లు. ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ లాంటి సాఫ్ట్‌వేర్లు చాలాకాలంగా ఉన్నా అవి బీరువా వంటివి. సర్ది పెడతాయి, చదవవు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, 2023 నుంచి ఈ బీరువాలకూ నోరొచ్చింది. ఫైలు ఇచ్చి బటన్ నొక్కితే కోడ్‌లు వాటంతటవే వస్తున్నాయి.

వాడాలా వద్దా అని కొట్లాడుకునే కంటే, ఏ దశలో మనిషి ముందుండాలి, ఏ దశలో యంత్రం ముందుండాలి అన్నది తేల్చుకోవడం ఎక్కువ పనికొస్తుంది. ఈ వరస తారుమారైన చోటే ప్రాజెక్టులు చెడుతున్నాయి.

రికార్డర్ నుంచి కాగితం దాకా

ఆడియోని అక్షరాల్లోకి మార్చే పనిలో యంత్రం ముందుండొచ్చు. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అనే మోడల్‌ని ఉచితంగా దించుకుని, నెట్ లేకుండా సొంత కంప్యూటరులోనే నడపవచ్చు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ తెలుగుతో సహా భారతీయ భాషలకు ప్రత్యేకంగా మోడళ్లు తయారుచేసి అందరికీ ఇచ్చింది. అయితే వచ్చిన టెక్స్టును డ్రాఫ్టుగానే చూడాలి. 2024లో అమెరికా పరిశోధకులు ఇంగ్లిష్ ఆడియో మీద విస్పర్‌ని పరీక్షిస్తే, దాదాపు 1 శాతం ముక్కల్లో ఎవరూ అనని మాటలు పుట్టుకొచ్చాయి. అలా పుట్టిన వాటిలో నూటికి 40 దాకా హాని చేయగల రకం. మాటల మధ్య మౌనం ఎక్కువున్న రికార్డింగుల్లో ఈ బెడద ఎక్కువగా కనబడింది.

నెలసరి గురించీ, గర్భసంచి గురించీ, భర్త తాగుడు గురించీ మాట్లాడే ఇంటర్వ్యూలో మౌనాలకు కొదవేముంటుంది? యంత్రం కల్పన మొదలుపెట్టేదీ అక్కడే, పరిశోధకులు చెవి పెట్టాల్సిందీ అక్కడే. మౌనాన్ని ముందుగానే కత్తిరించి పంపితే కల్పన తగ్గుతుంది కానీ మౌనమూ పోతుంది. కత్తిరించని అసలు ఫైలును పక్కన ఉంచుకుని, 3 సెకన్లు దాటిన ప్రతి ఆగుడునూ ట్రాన్‌స్క్రిప్టులో సెకన్లతో సహా చేత్తో గుర్తు పెట్టడమే మార్గం.

ఇంకో గొడవ, యంత్రం మాటను ఇస్త్రీ చేస్తుంది. "అంటే... అదే... మరి" లాంటి తడబాట్లు ఎగిరిపోతాయి. "వాడుతున్నానండీ... అంటే, వాడుతున్నాను" అన్న మాట "వాడుతున్నాను" అయిపోతుంది. మందులు సరిగా వాడని మనిషిని పట్టించేది ఆ "అంటే" మాత్రమే. తెలంగాణ మాటలో "మందులు వాడిన" అంటే "వాడాను" అని. మోడల్ దాన్ని పూర్తికాని వాక్యం అనుకుని తర్వాతి మాటతో అతికిస్తుంది. నలుగురైదుగురు కలిసి మాట్లాడే గ్రూపు చర్చలో ఎవరి మాట ఎవరిదో విడదీయడంలో అది తరచు తడబడుతుంది. కోడల్ని అడిగిన ప్రశ్నకు అత్తగారు జవాబిస్తే, ఆ జవాబు కోడలి పేరు మీద పడొచ్చు. ఇంతకంటే పెద్ద తప్పు ఈ రంగంలో మరొకటి ఉండదు.

అందుకని ఒకటి రెండు ఫైళ్లు చూసి "బాగానే ఉంది" అనుకుంటే కుదరదు. ప్రతి ఇంటర్వ్యూనీ, వీలైతే అడిగిన మనిషే, ఒకసారి పూర్తిగా వింటూ సరిదిద్దాలి. గంట టేపుకి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. దక్కే ఆదా దాదాపు సగం. అదీ తక్కువేం కాదు.

అనువాదం చివర్న

ఎక్కువమంది చేసే పొరపాటు తెలుగు ట్రాన్‌స్క్రిప్టుని ముందు ఇంగ్లిష్ చేసి, ఆ ఇంగ్లిష్‌ని కోడ్ చేయడం. మోడల్‌కి ఇంగ్లిష్ బాగా వచ్చు, జర్నల్ ఇంగ్లిష్‌దే, గైడుకి తెలుగు రాదు: కారణాలన్నీ నిజమే. ఫలితం మాత్రం ఇలా ఉంటుంది. "తెల్లబట్ట అవుతోంది" అన్నది తెల్లటి గుడ్డ అవుతుంది. "నెల తప్పింది", "నీళ్లోసుకుంది" అన్నవి గర్భం సంగతి కాకుండా పోతాయి. "వేడి చేసింది" జ్వరంగా మారుతుంది. "అప్పటికి నాకు ఆపరేషన్ అయిపోయింది" అని ఒక తల్లి అంటే, పల్లెలో ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు, అది పిల్లలు పుట్టకుండా చేసేది. యంత్రం దాన్ని గర్భసంచి ఆపరేషన్‌తో కలిపేస్తే కాలక్రమమే తలకిందులవుతుంది.

ఆర్‌ఎంపీ అన్న మూడక్షరాల సంగతి మరీ ముఖ్యం. పుస్తకం ప్రకారం దాని విస్తరణ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే నమోదైన డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా ఇంటికొచ్చి సూది వేసి, సెలైన్ ఎక్కించి, అవసరమైతే పట్నంలో ఫలానా ఆసుపత్రికి పొమ్మని పంపే మనిషి. మోడల్ పుస్తకం అర్థమే తీసుకుంటే, "మొదట ఎవరి దగ్గర చూపించుకున్నారు" అన్న పట్టికలో ఆర్‌ఎంపీలందరూ డాక్టర్ల గడిలో చేరిపోతారు. ఈ ఒక్క పొరపాటుతో అధ్యయనం నిర్ణయమే తిరగబడొచ్చు.

తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడడం మామూలే. "వద్దన్నారు" అంటే ఎవరు? డాక్టరా, ఆశా కార్యకర్తా, ఇంట్లోవాళ్లా? గౌరవ బహువచనం వల్ల ఒక్కరో పదిమందో కూడా తెలియదు. "ఆయన" అనకుండా భర్త గురించి పది నిమిషాలు మాట్లాడే స్త్రీలున్నారు. ఇంటర్వ్యూ ఎదురుగా కూర్చుని చేసినవారికి ఇది అర్థమవుతూనే ఉంటుంది కాబట్టి, సరిదిద్దే దశలోనే చదరపు బ్రాకెట్లలో "భర్త", "నర్సు" అని రాసుకోవాలి. నెల తర్వాత వాళ్లకూ గుర్తుండదు.

కోడింగ్ మొత్తం తెలుగులోనే జరగాలి. వ్యాసంలోకి వెళ్లే పాతిక ముప్పై మాటలను మాత్రమే చివర్న, ఇద్దరు మనుషులు కూర్చుని ఇంగ్లిష్ చేయాలి. కోడ్‌ల పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నా నష్టం లేదు, కోడ్ అంటుకునే మాట తెలుగుదై ఉంటే చాలు.

పేర్లు తీసేయడం

ఏ మోడల్‌కైనా ఇచ్చేముందు పేర్లు, ఊళ్లు తీసేయాలి. ఇంగ్లిష్‌లో పేర్లు పట్టే సాఫ్ట్‌వేర్లకు పెద్దక్షరం ఒక ఆధారం. తెలుగులో పెద్దక్షరాలు లేవు. పైగా శాంతి, జ్యోతి, దయ, బంగారం మామూలు మాటలూ అవుతాయి, పేర్లూ అవుతాయి. విభక్తులు అతుక్కుని "లక్ష్మమ్మతోటి", "లక్ష్మమ్మకాడ" అని పది రూపాల్లో వస్తాయి. పేరు తీసేసినా గుర్తు మిగిలే సందర్భాలు ఇంకా ఉన్నాయి: "మా పెద్దనాన్న కొడుకు సర్పంచి", "మా ఊరి ఏఎన్‌ఎం". ఊళ్లో సర్పంచి ఒక్కరే. ఇంటిపేరులో కులమూ ఊరూ కనబడిపోతాయి. ఈ పని యంత్రానికి వదలకూడదు. మహా అయితే మనిషి చేశాక రెండోసారి వెతికించాలి.

మొదటి కోడ్‌బుక్ మనిషిదే

ట్రాన్‌స్క్రిప్టు ఇచ్చి "థీమ్‌లు చెప్పు" అంటే యంత్రం ఐదు సెకన్లలో చక్కటి జాబితా ఇస్తుంది: అవగాహన లోపం, ఆర్థిక ఇబ్బందులు, సామాజిక వివక్ష, కుటుంబ మద్దతు. ఏ జబ్బు మీద, ఏ దేశంలో చేసిన ఇంటర్వ్యూలు ఇచ్చినా ఇంచుమించు ఇదే జాబితా. అది ఎదుటి మాటలోంచి కంటే, అప్పటిదాకా చదివిన వేల వ్యాసాల్లోంచి వచ్చింది. "అవగాహన లోపం" అంటే దానికి మహా ఇష్టం. మనుషుల్లోనూ కొందరికి ఇష్టమేననుకోండి. ఈ జాబితాని ఒకసారి చూశాక కళ్లు అవే వెతుకుతాయి. అందుకే మొదటి ఐదారు ట్రాన్‌స్క్రిప్టులు ఇద్దరు మనుషులు విడివిడిగా, యంత్రం లేకుండా కోడ్ చేసి, కూర్చుని వాదించుకుని కోడ్‌బుక్ రాయాలి.

కోడ్‌బుక్‌లో ప్రతి కోడ్‌కీ నాలుగు గడులుండాలి: నిర్వచనం, ఏవి చేరతాయి, ఏవి చేరవు, అసలు మాటతో ఒక ఉదాహరణ. "క్యాన్సర్ భయం" అని ఒక్క కోడ్ పెడితే సరిపోదు. తానే భయపడింది ఒకటి, డాక్టరు గానీ ఆర్‌ఎంపీ గానీ భయపెట్టింది ఇంకొకటి. చేరనివి అన్న గడిలో "బంధువుకి క్యాన్సర్ వచ్చిందన్న సమాచారం మాత్రమే ఉంటే వద్దు" అని రాసుకోవాలి. మూడో గడి ఖాళీగా వదిలిన కోడ్‌బుక్‌తో యంత్రం కనబడిన ప్రతిదానికీ చీటీ అంటిస్తుంది.

ఆ తర్వాత యంత్రానికి పని. ట్రాన్‌స్క్రిప్టు మొత్తం ఒకేసారి పోయకూడదు. తెలుగు టెక్స్టు మోడళ్ల లోపల ఇంగ్లిష్ కంటే చాలా ఎక్కువ ముక్కలవుతుంది. పొడవు పెరిగేకొద్దీ మధ్యలోవి పట్టించుకోవడం తగ్గుతుంది. 40, 50 ప్రశ్న జవాబుల చొప్పున, ప్రశ్నతో సహా ఇవ్వాలి. ప్రశ్న లేకపోతే "ఆఁ, ఊఁ" అన్న జవాబుకి అర్థమే లేదు. ప్రతి కోడ్‌కీ వరస సంఖ్య, అసలు మాట, రెండు వాక్యాల్లో కారణం అడగాలి. "ఏ కోడూ వర్తించదు" అన్న జవాబుకి స్పష్టంగా అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏదో ఒకటి అంటించే తీరుతుంది. జవాబు ఎంత మారొచ్చో నిర్ణయించే టెంపరేచర్ అనే సెట్టింగు సున్నా పెట్టినా ప్రతిసారీ ఒకే జవాబు వస్తుందన్న హామీ లేదు కాబట్టి మూడుసార్లు నడిపి, మారుతున్నవి వేరుగా తీసిపెట్టాలి. మోడల్ పేరు, వెర్షన్, తేదీ, యంత్రానికి ఇచ్చిన ఆదేశం (ప్రాంప్ట్) పూర్తి పాఠం అదే రోజు రాసుకోవాలి. మూడు నెలల తర్వాత ఆ వెర్షన్ ఉండకపోవచ్చు.

అది "అసలు మాట" అని ఇచ్చినదాన్ని ట్రాన్‌స్క్రిప్టులో వెతికి చూడాలి. దొరకనివి రెండు రకాలు. ఒకటి నిజంగానే కల్పించినవి, లేదా యాసను పుస్తకభాషగా దిద్దినవి. రెండోది యూనికోడ్ తంటా: "ప్రైవేట్‌లో" లాంటి మాటల మధ్య కంటికి కనబడని విడదీత అక్షరం ఒకటి ఉంటుంది. ఒక ఫైలులో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, చూడడానికి ఒకటే అయినా కంప్యూటరుకి రెండు వేరు మాటలు. వెతికే ముందు రెండువైపులా ఆ అక్షరాన్ని తీసేసి, "చేశాను, చేసాను" లాంటి వర్ణక్రమ తేడాలకు చోటిచ్చి పోల్చాలి. ఇది తెలియక మంచి కోడ్‌లను కల్పన అని పారేయడమూ జరుగుతుంది.

90 శాతం అంటే ఎంత

మనిషి, యంత్రం ఒకరి కోడ్ ఒకరు చూడకుండా పనిచేశాక లెక్క వేయాలి. "ఎవరో పెట్టిన క్యాన్సర్ భయం" అన్న కోడ్‌కి 200 ముక్కలు తీసుకున్నామనుకుందాం. ఇద్దరూ ఉందన్నవి 20, ఇద్దరూ లేదన్నవి 160. మనిషి మాత్రమే ఉందన్నవి 8, యంత్రం మాత్రమే ఉందన్నవి 12. ఏకాభిప్రాయం 200కి 180, అంటే 90 శాతం. వినడానికి బాగుంది. కానీ ఎక్కువ ముక్కల్లో ఆ కోడ్ లేనే లేదు కాబట్టి ఊరికే "లేదు, లేదు" అనుకుంటూ పోయినా చాలావరకు కలుస్తాయి. అలా కాకతాళీయంగా కలిసేది ఇక్కడ 74.5 శాతం. దాన్ని తీసేసి చూసే కొలత, 1960లో కోహెన్ ఇచ్చిన కప్పా (పూర్తిగా కలిస్తే 1), 0.61 దగ్గర ఆగుతుంది. మనిషి గుర్తించిన 28లో యంత్రం పట్టింది 20. నివేదికలో 90 ఒక్కటే రాస్తే అది సగం నిజం.

అసలు పని ఆ 20 విభేదాల దగ్గర మొదలవుతుంది. యంత్రం వదిలేసిన 8 ఎలా ఉంటాయంటే: "ఉంచుకుంటే మంచిది కాదన్నారు, మా తోటికోడల్ని చూశాం కదా." క్యాన్సర్ అన్న మాటే లేదు. చాలామంది ఆ పేరు నోటితో అనరు. "ఆ జబ్బు", "చెడ్డ జబ్బు" అంటారు. ఎక్కువ తీసుకున్న 12లో కొన్ని ఇలాంటివి: "క్యాన్సరా? అదేం లేదనే చెప్పారు." పదం చూసి చీటీ అంటించింది. ఆ 12లోనే రెండు మూడు మాత్రం మనిషి చూడకుండా దాటేసినవి అయి ఉంటాయి. ఇరవయ్యో ట్రాన్‌స్క్రిప్టుకి వచ్చేసరికి మనిషి కన్ను మొద్దుబారుతుంది, మొదట్లో పెట్టుకున్న నిర్వచనం తెలియకుండానే పక్కకు జరిగిపోతుంది. యంత్రానికి అలసట లేదు. ఈ మేలు ఒప్పుకోవాలి.

విభేదాలు తేల్చాక ఒక్కోదానికి కారణం రాస్తే, కోడ్‌బుక్ రెండో రూపం తయారవుతుంది. "ఆ జబ్బు" అన్న మాట నిర్వచనంలోకి వస్తుంది. కప్పాని 0.8కి లాగడానికి కష్టమైన ముక్కలు తీసేయడం, నిర్వచనాన్ని పదాల జాబితాగా కుదించడం మాత్రం చెడ్డ బేరం.

యంత్రం అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఎదురువాదిగా. "భర్త నిర్ణయమే ప్రధానం" అన్న థీమ్ ఏర్పడ్డాక, దానికి విరుద్ధమైన ముక్కలన్నీ వెతికి ఇమ్మనాలి. పది ఇస్తే ఏడు పనికిరాకపోవచ్చు, చదివి పక్కన పెట్టడానికి పావుగంట. మిగిలిన మూడిట్లో భర్త వద్దంటున్నా డ్వాక్రా డబ్బుతో వెళ్లి చేయించుకున్న మనిషి దొరికితే థీమ్ మారాల్సిందే. తప్పు చేసినా నష్టం తక్కువగా, ఒప్పు చేస్తే లాభం ఎక్కువగా ఉండే చోటు ఇది.

అన్ని పద్ధతులకూ ఈ సర్దుబాటు నప్పదు. వరసకో మనిషి, గడికో అంశం చొప్పున పట్టిక నింపే ఫ్రేమ్‌వర్క్ పద్ధతికి బాగా సరిపోతుంది. బ్రౌన్, క్లార్క్ 2006లో ఆరు దశలుగా వివరించి, తర్వాత రిఫ్లెక్సివ్ అని పేరు పెట్టిన థీమాటిక్ విశ్లేషణలో పరిశోధకుల దృష్టికోణమే పనిముట్టు. అక్కడ కప్పా లెక్కే అసందర్భం. ఈ తరహా పరిశోధనకు జనరేటివ్ ఏఐ వద్దంటూ 2025లో 400 మందికి పైగా పరిశోధకులు బహిరంగంగా ప్రకటించారు కూడా. ఒకవైపు రిఫ్లెక్సివ్ అని రాసి, మరోవైపు యంత్రంతో కోడ్ చేయించి కప్పా చూపించే వ్యాసం రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

అనుమతి, నివేదిక

అనుమతి పత్రంలో "మీ మాటలు కంప్యూటరు ప్రోగ్రాముతో చదివిస్తాం, అది మా దగ్గరే ఉంటుంది" అనో, "బయటి కంపెనీ సర్వరుకి వెళుతుంది" అనో తెలుగులో, చదివి వినిపించేటట్టు ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలతో పాటు ఆరోగ్య రంగంలో ఏఐ మీద 2023లో వచ్చినవీ ఎథిక్స్ కమిటీ ముందుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది, కానీ అది అడగకుండా తీసుకోవడానికి లైసెన్సు కాదు. ఉచిత చాట్ ఖాతాలో ట్రాన్‌స్క్రిప్టు అతికించడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

ఇంటర్వ్యూ అధ్యయనాల నివేదికకు వాడే 32 అంశాల కోరెక్ జాబితా 2007 నాటిది. అందులో ఏఐ ఊసు లేదు. కాబట్టి పద్ధతుల విభాగంలో సొంతంగా చేర్చుకోవాల్సినవి: ఏ దశలో ఏ మోడల్, కోడ్‌బుక్ ఎవరిది, యంత్రం సూచించినవి ఎన్ని, అందులో తోసిపుచ్చినవి ఎన్ని, ఎందుకు. అనుబంధంలో ప్రతి ఇంగ్లిష్ ఉల్లేఖన పక్కనా తెలుగు మాట తెలుగు లిపిలో, యాస దిద్దకుండా పెట్టాలి. సమీక్షకుల్లో తెలుగు తెలిసినవారు ఒక్కరుంటే, "ఆమె ఆపరేషన్ ఎంచుకుంది" అన్న అనువాదం పక్కన "తీయించేశారు" అని చూసి వెనక్కి పంపుతారు.